నాగూర్బీ పేరు పక్కన టిక్కు

1వ రోజు. వింటున్నవారు: పదకొండు మంది.

బడి తెరిచారు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన పలకలో పిల్లల పేర్ల పక్కన టిక్కో ఇంటూనో పెట్టడానికి తప్ప చోటు లేదు. మిగతాది రాసుకోవడానికి ఈ నోటుబుక్కు తీశాను. ఈ రోజుల్లో కాగితం దొరకడమే కష్టం కాబట్టి అక్షరాలు చిన్నగా రాస్తున్నాను.

నా పని పొద్దున ఆరింటికి మొదలవుతుంది. పదకొండు మంది పిల్లలు వరసగా నిలబడతారు. ఒక్కొక్కరి చెవి వెనక ఉన్న వినికిడి బిళ్ళ తీసి, చెమట తుడిచి, ఉప్పు పేరుకుని ఉంటే మెత్తటి గుడ్డతో రుద్ది మళ్ళీ పెడతాను. తర్వాత నోటికి అట్ట అడ్డం పెట్టుకుని ఐదు మాటలు చెబుతాను. వాళ్ళు తిరిగి చెప్పాలి. పెదాలు చూసి చెప్పేయకుండా ఆ అట్ట. ఐదూ చెబితే టిక్కు. ఆ తర్వాత అందరితో పాటు వెళ్ళి గోడ ముందు కూర్చుంటారు. గోడంతా తెరే. టీచరుకి బదులు అదే పాఠం చెబుతుంది, ప్రశ్నలడుగుతుంది, పేరు పెట్టి పిలుస్తుంది.

నా పేరు సులోచన. పాత రేవు ఊళ్ళో చెవిటిపిల్లల బడిలో పద్నాలుగేళ్ళు సైగలతో పాఠాలు చెప్పాను. సముద్రం ఆ ఊరిని తీసుకున్నాక జనాన్ని ఈ మెరక మీదికి తెచ్చారు గానీ ఆ బడిని తేలేదు. పిల్లలందరికీ బిళ్ళలు వచ్చాక చెవిటిబడి ఎందుకన్నారు. సైగలు నేర్పితే చెవి బద్ధకిస్తుందట. ఇక నేర్పనని, నేర్పనివ్వనని కాగితం రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. అప్పటినుంచి ఈ సర్కారు బడిలో బిళ్ళల టీచర్ని. తొమ్మిదేళ్ళయింది.

3వ రోజు. వింటున్నవారు: పది మంది.

కెజియా మాట తిరిగి చెప్పలేదు. ఆరేళ్ళ పిల్ల, ఒకటో తరగతి. "బంతి" అన్నాను. అట్ట వంక చూస్తూ నిలబడింది. బిళ్ళ తీసి తుడిచి మళ్ళీ పెట్టాను. దాని దీపం పచ్చగానే వెలుగుతోంది.

"టీచర్, మాట్లాడు," అంది కెజియా గట్టిగా.

నేను మాట్లాడుతూనే ఉన్నాను.

వాళ్ళ నాన్న జక్రయ్య కరెంటిచ్చే ఎండపలకలు కడిగే పనికి పోతూ పిల్లను దింపి వెళ్తాడు. ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. పిలిచి చెప్పాను.

"నిన్న సాయంత్రం దాకా బానే ఇన్నది గదమ్మా. పాట పెడితే ఎగిరింది గూడా."

"ఆఫీసుకి రాస్తాను జక్రయ్యా. బాగుచేస్తారు."

"ఎన్నాళ్ళు పట్టిద్ది?"

"వారంలో వచ్చేస్తుంది," అన్నాను. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పాను.

6వ రోజు. వింటున్నవారు: తొమ్మిది మంది.

ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. హెడ్మాస్టర్ గోవర్ధనరావు గారు తన గదికి పిలిచి చదివి వినిపించారు. మూడో రకం బిళ్ళలని నడిపే సంకేతం కేంద్రం ఇక పంపదు. ఏ బిళ్ళ గడువు తీరితే ఆ బిళ్ళ ఆగిపోతుంది. కొత్త రకం వరస ప్రకారం వస్తాయి. ఎప్పుడన్నది లేదు. అంతవరకు పిల్లల్ని తరగతిలోనే కూర్చోపెట్టాలి. సైగలు మాత్రం రానివ్వకూడదు. వస్తే కొత్త బిళ్ళ పట్టుకోదు.

"మనవి పదకొండూ మూడో రకమే సార్."

"అన్నీ ఒక్కసారే ఆగిపోవుగా."

"ఆగినవాళ్ళని ఏం చెయ్యమంటారు?"

"వెనక బెంచీలో కూర్చోపెట్టండి. హాజరు పడిద్ది. నేను మాత్రం ఏం చేసేదండీ? రెండేళ్ళలో రిటైరయ్యేవాణ్ణి. పై నుంచి వచ్చింది చేద్దాం."

ఈ బడుల్లో మూడో తరగతి దాకా రాత లేదు. గోడ అన్నీ చదివి వినిపిస్తుంటే చిన్నపిల్లలకి అక్షరాలెందుకన్నారు. అందుకని కెజియాకి రాసి చూపించే దారి కూడా లేదు.

10వ రోజు. వింటున్నవారు: ఎనిమిది మంది.

వెనక బెంచీలో ఇప్పుడు ముగ్గురు. ముగ్గురూ ఏడేళ్ళ లోపువాళ్ళే. గోడ మీద బొమ్మలు కదులుతుంటే కాసేపు చూస్తారు. తరగతి నవ్వితే ఆలస్యంగా నవ్వుతారు. ఎందుకు నవ్వారో తెలియదు.

ఇవాళ కెజియా నా వైపు తిరిగి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, వేళ్ళు నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. ఎవరూ నేర్పలేదు. ఆకలేసిన పిల్ల చేతులు వాటంతటవే లేచాయి. నేను వెళ్ళి ఆ రెండు చేతులూ పట్టుకుని బల్ల మీద పెట్టాను. అది నియమం. తొమ్మిదేళ్ళుగా ఎన్ని చేతులు ఇలా బల్ల మీద పెట్టానో లెక్క లేదు.

తల ఎత్తేసరికి గుమ్మంలో మాణిక్యం ఉంది, అన్నం గిన్నెతో.

మాణిక్యం బడిలో వంట చేస్తుంది. పుట్టుచెవిటి. పాత రేవు బడిలో నా దగ్గర చదువుకుంది. బిళ్ళలొచ్చేనాటికి పెద్దదైపోయింది కాబట్టి తనకి పెట్టలేదు. సంతకం పెట్టిన రోజున నేను తనతో చేతులతో మాట్లాడటం మానేశాను. ఎవరైనా చూస్తే ఉద్యోగం పోతుందని భయం. అప్పటినుంచి ఒకే ప్రహరీలో పనిచేస్తున్నాం, తల ఊపుకుంటాం, అంతే.

ఈ రోజు తల కూడా ఊపలేదు. గిన్నె కింద పెట్టి వెళ్ళిపోయింది.

14వ రోజు. వింటున్నవారు: ఏడుగురు.

కెజియా మాట్లాడటం మానేసింది. గొంతు పోలేదు, మాటలు మరిచిపోలేదు. అడిగినదానికి జవాబు వినపడదు కాబట్టి అడగడం మానేసింది.

నా బెంగంతా కూత గురించి. ఎండ యాభై రెండు డిగ్రీలు దాటితే ఊరి మధ్య స్తంభం మీద కూత వేస్తారు. పది నిమిషాల్లో ఎక్కడివాళ్ళక్కడ చల్లగదిలో ఉండాలి. ఆపైన తలుపులు బిగుసుకుంటాయి, ఎండ దిగేదాకా తెరుచుకోవు. మామూలుగా మధ్యాహ్నం వేస్తారు, అప్పటికి పిల్లలు లోపలే ఉంటారు. ఈ వారం రెండుసార్లు పదకొండింటికే వేశారు.

వినపడని నలుగురినీ నేనే చేతులు పట్టుకుని తీసుకెళ్తున్నాను. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. ఐదో పిల్లకి నాకు చెయ్యి లేదు. ఆ మాటే హెడ్మాస్టరు గారితో అన్నాను. వంటగదిలో మాణిక్యం కోసం పెట్టినట్టు ఆవరణలో కూడా కూతతో పాటు వెలిగే ఎర్రదీపం ఒకటి పెట్టించమన్నాను. రాసి పంపిస్తానన్నారు.

నాగూర్బీ వెనక బెంచీ వైపు తిరిగి తిరిగి చూస్తోంది. పదేళ్ళది, ఐదో తరగతి. బిళ్ళ పెట్టుకున్న పిల్లల్లో చదువులో ముందుండేది తనే. గోడ అడిగేలోపే చెయ్యెత్తుతుంది.

15వ రోజు.

పొద్దున ఏడు టిక్కులు పెట్టాను. అందులో ఒకటి తప్పు.

నాగూర్బీ వరసలో చివర నిలబడింది. అప్పటికే కెజియా నా కొంగు వదలడం లేదు, ఇంకో పిల్ల ఏడుస్తోంది. ఒక చేత్తో కెజియాను పట్టుకున్నాను, రెండో చేతిలో పలక. అట్ట బల్ల మీదే ఉండిపోయింది. అట్ట లేకుండానే ఐదు మాటలూ చెప్పాను. నాగూర్బీ నా మొహం వంకే చూస్తూ నాలుగు సరిగ్గా చెప్పింది. "పాప" అంటే "మామ" అంది. నోరు తిరగలేదనుకున్నాను. టిక్కు పెట్టాను.

పెదాల మీద పాప, మామ ఒక్కలాగే కనిపిస్తాయి. పద్నాలుగేళ్ళు చెవిటిపిల్లలకి పాఠం చెప్పినదాన్ని. నాకు తెలియని సంగతి కాదు.

ఆటవిడుపులో, పావు తక్కువ పదికి కూత వేశారు. అంత పొద్దున్నే ఎప్పుడూ వేయలేదు. నేను నలుగురినీ పట్టుకుని పరిగెత్తాను. లోపలికెళ్ళి లెక్కపెట్టుకున్నాను. నలుగురూ ఉన్నారు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. వినేవాళ్ళ లెక్క నాది కాదు, హెడ్మాస్టరు గారిది. ఆయన పేర్లు పిలవడం పూర్తయ్యేసరికి తలుపు బిగుసుకుంది.

"నాగూర్బీ," అని మూడుసార్లు పిలిచారు.

తన పక్కన కూర్చునే పిల్ల అప్పుడు ఏడుస్తూ చెప్పింది: "దానికి నిన్నట్నించి వినపడట్లేదు సార్. ఎవరికీ చెప్పొద్దంది. ఎనక బెంచీలో ఏస్తారని."

తలుపు తియ్యమన్నాను. అత్యవసరానికి తాళం ఆయన దగ్గర ఉంటుంది.

"నూట ముప్పై మంది పిల్లలున్నారమ్మా లోపల," అన్నారు గోవర్ధనరావు గారు. తాళంచెవి గుప్పిట్లో బిగించారు. "ఒకసారి తెరిస్తే ఈ చల్లమిషను మళ్ళీ పట్టుకోదు. నిరుడు పక్క ఊళ్ళో ఏమైందో మీకు తెలుసు."

తెలుసు. నేను ఆయన చేతిలోంచి తాళం లాక్కోలేదు. తలుపు దగ్గర నిలబడ్డాను. నిలబడటం తప్ప ఏమీ చేయలేదు.

మాణిక్యం చేసింది. పొయ్యిలార్పుతూ వంటగదిలోనే చిక్కుకుపోయిన తనకి కిటికీలోంచి సామాన్ల కొట్టు వెనక ఒక కాలు కనపడిందట. తడి గోనెపట్టా కప్పుకుని, చెప్పులు వెతుక్కోకుండా ఆ సిమెంటు నేల మీద పరిగెత్తింది. పిల్లని భుజాన వేసుకొచ్చి వంటగదిలో నీళ్ళతొట్టిలో పడుకోబెట్టింది. తలుపులు తెరుచుకుని మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మాణిక్యం అరికాళ్ళు తోలు ఊడిపోయి ఉన్నాయి. పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని ఇంకా నీళ్ళు పోస్తూనే ఉంది.

సాయంత్రం ఆసుపత్రిలో నాగూర్బీ పోయింది.

తనకి వినపడటం లేదని ఎవరికీ తెలియకూడదని ఆటవిడుపులో అందరికీ దూరంగా కొట్టు వెనక నీడలో కూర్చుందట. నిద్రపట్టి ఉంటుంది. నీడ జరిగిపోయి ఉంటుంది.

17వ రోజు. వింటున్నవారు: ఆరుగురు.

నాగూర్బీ వాళ్ళమ్మ మస్తానమ్మ బడికి వచ్చింది. వెంట ఎవరూ లేరు. బిళ్ళల బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆఫీసువాళ్ళు వొచ్చారు టీచరమ్మా. మీ పిల్ల కూత ఇని గూడా రాలేదని పలకలో ఉందన్నారు. నా బిడ్డ చెప్పిన మాట జవదాటేది కాదమ్మా. అది ఇనే రాలేదా?"

ఆవిడ చెంగు చివర పళ్ళతో కొరుకుతోంది.

"ఆ ముందురోజు సాయంత్రం నేను పిలిస్తే పలకలా," అంది మళ్ళీ తనే. "ఆటలో పడి ఇనలేదనుకున్నా. తిట్టా గూడా."

"లేదు మస్తానమ్మా. దానికి వినపడలేదు. వినపడిందని నేను తప్పు టిక్కు పెట్టాను. అట్ట పెట్టుకోకుండా అడిగాను. అది నా మొహం చూసి చెప్పింది."

ఆవిడ నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. చాలాసేపు నా నోటి వంకే చూసింది. ఇంకేమైనా చెబుతానేమోనని కావచ్చు.

"ఆ మాట రాసియ్యండి," అంది. "నాకు చదువు రాదు. అయినా రాసియ్యండి."

ఈ నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి, రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మడిచి రవికలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

19వ రోజు. వింటున్నవారు: ఆరుగురు.

విచారణకి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. నెమ్మదస్తురాలు. ఆవిడ రాకముందు గోవర్ధనరావు గారు నన్ను పక్కకి పిలిచారు.

"టిక్కు అట్టాగే ఉంటే ఎవరికీ నష్టం లేదమ్మా. పిల్ల ఎటూ తిరిగి రాదు. మీరు దిద్దితే మీ మెడకి చుట్టుకుంటది."

"వాళ్ళమ్మకి నష్టం సార్. మాట వినని పిల్లని కన్నదని రాస్తున్నారు."

ఆయన తన గదిలోకి వెళ్ళిపోయారు.

పలక తెరిచి పదిహేనో రోజు టిక్కుని ఇంటూగా దిద్దాను. ఎందుకు దిద్దానో ఆఫీసరమ్మకి చెప్పాను. ఆగిపోతున్న బిళ్ళల సంగతి చెప్పాను, ఎర్రదీపం అడిగిన సంగతి చెప్పాను. ఆవిడ అన్నీ శ్రద్ధగా విని, రాసుకుని, చివర నన్ను చదివి సంతకం పెట్టమంది.

చదివాను. పరీక్ష సరిగ్గా చేయకపోవడం వల్ల, టీచరు అజాగ్రత్త వల్ల అని ఉంది. బిళ్ళ ఆగిపోయిందని ఒక్క ముక్క లేదు.

"అది నా పరిధి కాదండీ," అంది. "మీ తప్పు మీరే ఒప్పుకున్నారు కదా."

ఒప్పుకున్నది నిజమే. సంతకం పెట్టాను. ఉద్యోగం నుంచి తీసేసే ఉత్తర్వు వారం పది రోజుల్లో వస్తుందట. అంతవరకు రమ్మన్నారు. బిళ్ళలు తుడవడానికి వేరే మనిషి లేదు.

మధ్యాహ్నం వంటగదికి వెళ్ళాను. మాణిక్యం రెండు కాళ్ళకీ కట్లతో పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. సెలవు పెట్టమన్నా పెట్టలేదు. తన ఎదురుగా నిలబడి చేతులు ఎత్తాను. తొమ్మిదేళ్ళ తర్వాత వేళ్ళు మొద్దుబారిపోయాయి. "పిల్లలకి నేర్పుదాం. నాకు సాయం చెయ్యి," అన్నాను.

మాణిక్యం కత్తిపీట పక్కకి జరిపింది.

"తొమ్మిదేళ్ళు," అంది చేతులతో. అంతకంటే పెద్ద తిట్టు నాకు ఎవరూ పెట్టలేదు.

తర్వాత నా చెయ్యి పట్టుకుని, "సాయం" అన్న సైగలో నేను తప్పుగా పెట్టిన బొటనవేలు సరిచేసింది.

21వ రోజు. వింటున్నవారు: ఐదుగురు.

వినపడని ఐదుగురినీ వంటగదికి తీసుకెళ్తున్నాను. గోవర్ధనరావు గారు తన కిటికీ తలుపు మూసుకున్నారు. మమ్మల్ని ఆపలేదు.

మొదట కూతకి సైగ నేర్పాం. మాణిక్యం ఎర్రదీపం చూపించి, సైగ చేసి, చల్లగది వైపు పరిగెత్తినట్టు చేతులతో చూపించింది. తర్వాత నీళ్ళు, ఆకలి, నొప్పి, అమ్మ, రా, ఆగు. పిల్లలు మొదట నా వంక భయంగా చూశారు. చేతులు ఎత్తితే పట్టుకుని బల్ల మీద పెట్టేది నేనే కదా. నా చేతులు నేను ఎత్తి చూపిస్తే గానీ కెజియా తన చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

ఒకసారి తీశాక ఆపలేకపోయాం. తినేటప్పుడు కూడా ఎడమ చేత్తో అడుగుతున్నారు: ఇదేంటి, ఇదేంటి. మాణిక్యం గరిట పట్టుకుని ఒక్కొక్కటే చెబుతోంది.

జక్రయ్య గేటు దగ్గర నిలదీశాడు. "కొత్త బిళ్ళ పట్టుకోదంటగా మేడం, ఇట్టా నేర్పితే?"

"కొత్త బిళ్ళ ఎప్పుడొస్తుందో నాకు తెలియదు జక్రయ్యా. వారమని ఆ రోజు అబద్ధం చెప్పాను. వచ్చేదాకా నీ కూతురు నోరు మూసుకుని కూర్చోవాలా?"

ఆయన కూతురి వంక చూశాడు. కెజియా నాన్న చొక్కా లాగి, ఎండని చూపించి, "నీళ్ళు తాగు" అంది చేతులతో. ఆయనకి అర్థం కాలేదు. నేను చెప్పాను. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నాక్కూడా నేర్పండి," అన్నాడు.

27వ రోజు. వింటున్నవారు: ముగ్గురు.

ఉత్తర్వు వచ్చింది. రేపటినుంచి నేను ఆవరణలోకి రాకూడదు. ఈ సాయంత్రం నుంచి జక్రయ్య వాళ్ళ వాకిట్లో పందిరి కింద నేర్పుతాను. ఎన్నాళ్ళు సాగనిస్తారో తెలియదు.

రాయవలసింది అది కాదు.

వంటగది బండ చుట్టూ ఏడుగురు పిల్లలు కూర్చున్నారు. "ఎవరు" అన్న సైగ, "ఎక్కడ" అన్న సైగ నిన్న నేర్పాం. మాణిక్యం పప్పు వడ్డిస్తోంది. కెజియా నా మోకాలు తట్టింది. తన తల పక్కన రెండు జడలు గీసి చూపించి, చెయ్యి గబుక్కున పైకెత్తింది, గోడ అడిగేలోపే చెయ్యెత్తే పిల్లలాగా. తర్వాత "ఎక్కడ?" అంది.

నాగూర్బీ ఎక్కడ అని అడుగుతోంది.

పన్నెండు రోజులయింది. బడంతా ఏడ్చింది, గోడ సంతాపం చదివింది, పిల్లలు లేచి నిలబడ్డారు. ఈ పిల్లలు కూడా అందరితో పాటు లేచి నిలబడి, అందరితో పాటు కూర్చున్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మా దగ్గర భాష లేదు. నేను లాగేసుకున్నాను కాబట్టి లేదు.

మాణిక్యం గరిట కింద పెట్టింది. నా వంక చూసింది. నువ్వే చెప్పు అన్నట్టు.

చనిపోవడానికి మా పాత బడిలో ఒక సైగ ఉంది. నిలబెట్టిన చెయ్యి మెల్లగా వెల్లకిలా పడుకుంటుంది. చేసి చూపించాను. కెజియా కనుబొమలు ముడుచుకుంది. మాణిక్యం బండ మీద చచ్చి పడి ఉన్న చీమని వేలితో చూపించి అదే సైగ చేసింది. కెజియా చీమని చూసింది, నన్ను చూసింది. జడల గుర్తు మళ్ళీ చేసి, చెయ్యి పడుకోబెట్టింది. అవునా?

అవును అన్నాను.

ఎందుకు అన్న సైగ ఇంకా నేర్పలేదు. అయినా అరచేతులు తెరిచి నా ముందు పెట్టింది. కూత సైగ చేశాను. చెవి చూపించి, లేదు అన్నాను. ఎండ అన్నాను. తర్వాత నన్ను నేను చూపించుకుని, తప్పు అన్నాను. ఆ ఒక్క సైగ వాళ్ళకి బాగా తెలుసు. నియమాలన్నీ అలా వేలు ఆడించే నేర్పాను.

కెజియా ఏడవలేదు. నేను చేసిన సైగలన్నీ ఒకసారి తన ఒళ్ళోనే చేసి చూసుకుంది. తర్వాత పక్కనున్న పిల్ల భుజం తట్టి తన వైపు తిప్పుకుంది. రెండు జడలు, ఎత్తిన చెయ్యి, కూత, చెవి, లేదు, పడుకున్న చెయ్యి. ఆ పిల్ల తన పక్కవాళ్ళకి చెప్పింది. చేతి నుంచి చేతికి అది ఆ బండ చుట్టూ తిరిగింది. నేనూ మాణిక్యం ఏమీ సరిచేయలేదు.

చివర కూర్చున్నది అందరికంటే చిన్నది, మొన్ననే బిళ్ళ ఆగిన పిల్ల. దానికి అర్థం కాలేదు. నవ్వుతూ అరచేతులు తెరిచింది.

కెజియా లేచి వెళ్ళి దాని ఎదురుగా కూర్చుంది. మళ్ళీ మొదటినుంచి, ఈసారి నిదానంగా చెప్పింది.